కత్తెర కొనేటప్పుడు కడిగే మనిషిని వెంట తీసుకెళ్ళండి

ఆపరేషన్ థియేటర్‌కి సామాను కొనడానికి వెళ్ళేటప్పుడు ఆ సామాను రోజూ కడిగే మనిషి కూడా వెంట ఉండాలని మా సారుతో ఎప్పుడూ వాదిస్తాను. సర్జన్ గారు చేతిలోకి తీసుకోగానే కొసలు చూస్తారు, పట్టు చూస్తారు. అకౌంట్స్ చూసే అబ్బాయి కొటేషన్‌లో చివరి అంకె చూస్తాడు. కీలు మాత్రం ఇద్దరూ చూడరు. రక్తం దాక్కునేది కీలులో, తుప్పు మొదలయ్యేది అక్కడే, చివరికి విరిగేదీ అక్కడే. బ్రష్షు పట్టుకుని తోమే మనిషికి ఆ సంగతి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నేను పిడుగురాళ్ళలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో థియేటర్ సిస్టర్‌ని. మేడమ్ గైనకాలజిస్టు, సారు జనరల్ సర్జన్. సిజేరియన్లు, గర్భసంచి ఆపరేషన్లు, హెర్నియాలు, అపెండిక్స్, ఈమధ్య లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా, గాల్‌బ్లాడర్. సామాను లిస్టు రాయడం, కొనడం, కడిగించడం, ఆటోక్లేవ్ (ప్రెషర్ ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పెట్టడం, స్టాక్ రిజిస్టర్ అన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. పెద్ద ఆసుపత్రుల్లో ఈ పనికి సీఎస్‌ఎస్‌డీ అని ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. మా దగ్గర నేను, ఆయమ్మ, థియేటర్ బాయ్ కలిసి చూసుకుంటాం.

కొనడం ఎక్కువగా గుంటూరు కొత్తపేటలో. అక్కడ దొరకనివి విజయవాడ సూర్యారావుపేటలోనో, హైదరాబాద్ కోఠిలోనో చూస్తాం. షాపులో అడగగానే బల్ల మీద పరిచే ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని పట్టి ఆపేవి) అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. చాలా వాటి మీద 'జర్మనీ స్టెయిన్‌లెస్' అని ముద్ర ఉంటుంది. ఆ ముద్రను నేను లెక్కలోకి తీసుకోను. జర్మనీలో ఈ పనికి పేరుపడ్డ ఊరు టుట్‌లింగెన్. అక్కడ తయారైన నీడిల్ హోల్డర్ (కుట్లు వేసే సూదిని పట్టుకునేది) ధర ఒక్కసారి అడిగితే చాలు, ఈ బల్ల మీదివి అక్కడివి కావని తెలిసిపోతుంది. మన దేశంలో ఈ పనికి పేరున్నది పంజాబ్‌లోని జలంధర్. దేశ విభజన అప్పుడు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ వైపు నుంచి వచ్చిన పనివాళ్ళు అక్కడ స్థిరపడి పని మొదలుపెట్టారు. అటు సియాల్‌కోట్ ఈ రోజుకీ ప్రపంచమంతటికీ కత్తెరలూ ఫోర్సెప్సూ పంపుతూనే ఉంది. జలంధర్ సామానులో ఏళ్ళ తరబడి నిలిచేవి ఉన్నాయి, నాలుగు ఆటోక్లేవ్‌లకే మచ్చలు పడేవీ ఉన్నాయి. ముక్క ముక్కా చేత్తో పట్టుకుని చూసి తీసుకోవాల్సిందే.

స్టీలు గురించి రెండు మాటలు తెలుసుకుంటే షాపులో మోసపోం. కత్తెరలు, ఆర్టరీలు, నీడిల్ హోల్డర్లు 410, 420 రకం స్టీలుతో చేస్తారు. వేడి చేసి గట్టిపరిచే స్టీలు ఇది, పదును నిలుస్తుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. ట్రేలు, బౌల్స్, చాలా రకాల రిట్రాక్టర్లు (కోత అంచుల్ని పక్కకి లాగి పట్టేవి) 304 లేదా 316 రకం. తుప్పును బాగా తట్టుకుంటుంది గానీ దానికి పదును నిలవదు. కొత్తగా చేరిన పిల్లలు కత్తెర అయస్కాంతానికి అతుక్కోగానే 'ఇది డూప్లికేట్, సిస్టర్' అంటారు. కత్తెర అతుక్కోవాలి. అతుక్కోకపోతేనే అనుమానించాలి. ఏ రకమైనా తుప్పు పట్టకుండా ఆపేది పైన ఉండే ఒక పల్చటి పొర. స్టీలులోని క్రోమియం గాలితో కలిసి ఏర్పడే పొర అది, కంటికి కనపడదు. గట్టి స్టీలులో ఆ రక్షణ కొంచెం తక్కువ. అందుకే ట్రే తట్టుకున్న మోటు కడుగుడు కత్తెర తట్టుకోదు.

షాపుకి వెళ్ళేటప్పుడు నా బ్యాగులో గాజు గుడ్డ (కట్లు కట్టే పల్చటి నూలు గుడ్డ), కుట్లు వేసే సూచర్ సూది ఒకటి, చిన్న భూతద్దం ఉంటాయి. ముందు ఆర్టరీ తీసుకుని, పిడి దగ్గరి పళ్ళ లాక్‌ని (దాన్నే రాచెట్ అంటారు) మొదటి పన్ను మీద లాక్ చేస్తాను. కీలు దగ్గర పట్టుకుని రాచెట్ వైపు బల్ల అంచుకి తడతాను. టప్పున ఊడిందంటే పక్కన పెట్టేస్తాను. రక్తనాళం మీద ఉండగా అలా ఊడితే ఏమవుతుందో థియేటర్‌లో నిలబడ్డ ఎవరికైనా తెలుసు. తర్వాత మూసి వెలుతురుకి ఎదురుగా పెడతాను. గాట్లు ఒకదానిలో ఒకటి కూర్చోవాలి, కొసల మధ్య నుంచి వెలుతురు రాకూడదు.

కత్తెరకి గాజు గుడ్డ నాలుగు మడతలు వేసి కొసతోనే కత్తిరించి చూస్తాను. మధ్యలో ఏ కత్తెరైనా కోస్తుంది, పరీక్షంతా కొసలోనే. దారాలు పీక్కుపోకుండా, గుడ్డ నలగకుండా, కొస చివరి దాకా తెగాలి. మెట్జెన్‌బామ్ లాంటి సున్నితమైన కత్తెరకైతే రెండు మడతలు చాలు.

నీడిల్ హోల్డర్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. సూదిని దవడల కొసన పెట్టి రెండో పన్ను దాకా లాక్ చేసి, సూదిని వేళ్ళతో తిప్పడానికి చూస్తాను. కొత్తదానిలోనే సూది తిరిగిపోతుంటే ఇక వాడిన తర్వాత చెప్పేదేముంది? డబ్బు ఎక్కువైనా పర్వాలేదని నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క వస్తువుకే. పిడి బంగారు రంగులో ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ రకం తీసుకోమంటాను. దవడల్లో అతికిన ఆ గట్టి పలకలు మామూలు స్టీలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం సూదిని కదలనివ్వవు. మంచి కంపెనీదైతే అరిగిన పలకలు మార్చి ఇస్తారు కూడా. మామూలువి వందల్లో వస్తాయి, ఇవి వేలల్లో. అయినా సరే.

చివరగా కీలు. ఆర్టరీల్లో ఒక కాడ రెండో కాడ లోపలి నుంచి దూరి వెళ్తుంది, దాన్ని బాక్స్ లాక్ అంటారు. రెండు కాడలూ పట్టుకుని పక్కలకి ఊపితే ఆట ఉండకూడదు. తెరిచి, మూసి, మళ్ళీ తెరిస్తే ఎక్కడా గీరుకోకుండా ఒకే తీరున కదలాలి. ఆ తర్వాత భూతద్దంతో ఆ పెట్టె అంచుల్ని, మధ్యలోని రివెట్టు చుట్టూ చూస్తాను. వెంట్రుక మందం గీత కనపడిందంటే అది పగులే. ఇవాళ గీత, రేపు ఆటోక్లేవ్ వేడికి విరుగుతుంది. షాపు బాబాయ్ గారు నన్ను చూసి "ఏమ్మా సిస్టరూ, డాక్టర్లు కూడా ఇంతసేపు చూడరు తల్లీ" అంటారు. "వాళ్ళ చేతిలో ఉండేది అరగంట బాబాయ్ గారూ, మిగతా బతుకంతా నా దగ్గరే కదా" అంటాను. ఆయన మంచాయన, పక్కన పెట్టినవాటికి బదులు లోపలి నుంచి వేరేవి తెప్పిస్తారు.

ఒక సిజేరియన్ సెట్టు అంటే గ్రీన్ ఆర్మిటేజ్‌లు, ఎలిస్‌లు, ఆర్టరీలు, స్పాంజ్ హోల్డర్లు, డోయన్స్ రిట్రాక్టర్, నీడిల్ హోల్డర్లు, రెండు మూడు రకాల కత్తెరలు, టూత్డ్, నాన్ టూత్డ్ ఫోర్సెప్స్, కోత బ్లేడు బిగించే నాలుగో నంబర్ బీపీ హ్యాండిల్, టవల్ క్లిప్పులు, కిడ్నీ ట్రే. సెట్టులో ఏమేం ఉండాలో ఎవరైనా చెప్తారు. ఎన్ని సెట్లు కొనాలో మాత్రం మీ ఆటోక్లేవ్‌ని అడగాలి. మాది పాత వర్టికల్ రకం. నీళ్ళు కాగి, 15 పౌండ్ల ప్రెషర్‌తో 121 డిగ్రీలకి చేరి, అక్కడ 30 నిమిషాలు నిలిచి, ప్రెషర్ దిగి, మూటలు ఆరి చల్లబడేసరికి గంటన్నర దాటుతుంది. కడగడానికీ ఆరబెట్టడానికీ ఇంకో ముప్పావు గంట. ఆ మధ్యలో ఇంకో సిజేరియన్ వస్తే? అప్పుడే హడావిడి మొదలవుతుంది, కడుగుడు సగంలో ఆగుతుంది. మూడు సెట్లు ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చని నేను మేడమ్‌కి లెక్క వేసి చూపించాను. ఇప్పుడు మూడున్నాయి.

లాప్రోస్కోపీ సామాను దగ్గర నేను అస్సలు ఒప్పుకోని విషయం ఒకటుంది. విప్పడానికి వీలుకాని పరికరం కొనకూడదు. చౌకగా వచ్చే గ్రాస్పర్లు, మేరీలాండ్‌లు (గొట్టం కొసన పట్టుకునే దవడలున్నవి) కొన్ని ఒకే ముక్కగా ఉంటాయి. సన్నటి గొట్టం లోపలికి రక్తం, కణజాలం వెళ్ళిందంటే బయటికి తీసే దారే ఉండదు. హ్యాండిల్, బయటి గొట్టం, లోపలి కడ్డీ మూడూ విడివిడిగా వచ్చేవే తీసుకోవాలి. వేరే ఊళ్ళో గాల్‌బ్లాడర్ తీయించుకున్న ఒకావిడ నెల దాటాక మా సారు దగ్గరకి వచ్చింది. కుట్లు మానిపోయాయి గానీ బొడ్డు దగ్గర గడ్డ కట్టి నీరు కారుతోంది. ఏ యాంటీబయాటిక్‌కీ తగ్గలేదు. పరీక్షకి పంపిస్తే టీబీ జాతికి దగ్గరి చుట్టమైన బ్యాక్టీరియా అని తేలింది. అది మామూలు కుళాయి నీళ్ళలో బతుకుతుంది. పరికరాలు విప్పకుండా క్రిములు చంపే గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో కాసేపు ముంచి, కుళాయి నీళ్ళతోనో సరిగ్గా కాగని నీళ్ళతోనో కడిగి వాడే చోట్ల ఇది వస్తుందని సారు చెప్పారు. రెండు శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ఉంచితే స్పోర్లు, అంటే కొన్ని బ్యాక్టీరియాల మొండి రూపాలు, చావవు. వాటికి పది గంటలు పడుతుంది. ఆవిడకి నెలల తరబడి మందులు వాడాల్సి వచ్చింది. కూలి పనికి వెళ్ళే మనిషి, పని మానుకుని ఎన్నిసార్లు తిరిగిందో. ఆవిణ్ణి చూసిన దగ్గర్నుంచి మా గొట్టాల పరికరాలన్నీ విప్పి, లోపల సన్న బ్రష్షు దూర్చి, సిరంజితో నీళ్ళు కొట్టి, ఆటోక్లేవ్‌లోనే పెడుతున్నాం. కడుపు లోపలికి చూసే టెలిస్కోప్ మాత్రం దాని మీద 'ఆటోక్లేవబుల్' అని రాసి ఉంటేనే పెట్టాలి. ఇంకొకటి, ఈ పరికరాల కాడ మీది నల్లటి ఇన్సులేషన్ తొడుగుని భూతద్దంతో చూడండి. చిన్న చీలిక ఉన్నా, కణజాలం మాడ్చడానికి పంపే కరెంటు అక్కడి నుంచి పేగుకి తగలొచ్చు.

ఇక నా అసలు రాజ్యం, సింకు.

మా ఊరు సున్నానికి పేరు. చుట్టూ సున్నపురాయి, సున్నం బట్టీలు, దగ్గర్లోనే సిమెంటు ఫ్యాక్టరీలు. బోరు నీళ్ళు పట్టి ఆరబెడితే ట్రే మీద తెల్లటి మరకలు. ఆటోక్లేవ్ అడుగున, హీటర్ కాయిల్ చుట్టూ పొలుసు కడుతుంది. ఆ నీళ్ళలోని ఉప్పు స్టీలుని కూడా తింటుంది. అందుకే మొదటి కడుగుడు ఏ నీళ్ళతో అయినా, చివరి కడుగుడు మాత్రం ఆర్‌ఓ నీళ్ళతోనే. ఆటోక్లేవ్‌లో పోసేదీ అవే. ఆర్‌ఓ మెషీన్ ఖర్చు ఎందుకని మొదట్లో అన్నవాళ్ళకి మరకపడ్డ ట్రే, మరక లేని ట్రే పక్కపక్కన పెట్టి చూపించాను.

ఆపరేషన్ అయిపోగానే రక్తం ఆరనివ్వకూడదు. అన్నీ తెరిచి తడిగుడ్డ కప్పాలి. సెలైన్‌తో తడిపిన గుడ్డ కాదు, మామూలు నీళ్ళ గుడ్డ. చేతికి అందుబాటులో ఉంది కదా అని సెలైన్ బౌల్‌లోనే కత్తెరలు పడేసి కేసు అయ్యేదాకా ఉంచుతారు చాలా చోట్ల. సెలైన్‌లోని క్లోరైడ్ ఆ కనపడని పొరని చీల్చి సూది మొన అంత గుంటలు చేస్తుంది. హైపోక్లోరైట్ (బ్లీచింగ్ మందు) కూడా అంతే, ఇంకా త్వరగా. హెచ్‌ఐవీ భయం పెరిగిన రోజుల నుంచి, కడగడానికి ముందే సామానంతా బ్లీచింగ్ ద్రావణంలో ముంచడం మన దగ్గర అలవాటైపోయింది. కడగక ముందు క్లోరిన్‌లో నానబెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మురికి పైన ఉండగా ఆ మందు సరిగ్గా పనిచేయదు, సామాను పాడవడం మాత్రం ఖాయం. కడిగేవాళ్ళకి రక్షణ కావాలంటే మందపాటి గ్లవ్స్, ఏప్రన్, కళ్ళద్దాలు ఇవ్వాలి. మా ఆయమ్మకి మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్ తెప్పించడానికి నేను చేసిన పోరు నీడిల్ హోల్డర్ కోసం కూడా చేయలేదు.

ముందు చన్నీళ్ళు. వేడి నీళ్ళు పోస్తే రక్తం గడ్డకట్టి అతుక్కుపోతుంది. తర్వాత ఎంజైమ్ ద్రావణం, గోరువెచ్చటి నీళ్ళలో, డబ్బా మీద రాసిన కొలతతో, రాసినంతసేపు. ఒక కేసుకి కలిపింది ఆ కేసుకే. పొద్దున కలిపి సాయంత్రం దాకా అదే వాడితే దానిలో మిగిలేది మురికి నీళ్ళే. నైలాన్ బ్రష్షుతో నీళ్ళ అడుగునే తోమాలి, పైకెత్తి తోమితే తుంపర్లు మొహం మీదికి వస్తాయి. స్టీలు పీచు, పౌడరు సింకు దగ్గరికి రానివ్వను. ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ క్లీనర్ చిన్నది కొన్నాక కీళ్ళ లోపలి మురికి ఎంత ఉండేదో మాకు తెలిసింది. అన్నీ శుభ్రంగా తోమి వేసినా నీళ్ళలో సన్నటి మబ్బు లేచింది. అప్పటి నుంచి ఆయమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు.

గోధుమరంగు మచ్చ కనపడితే పారేయకండి. పెన్సిల్ రబ్బరు తీసుకుని గట్టిగా రుద్దండి. మచ్చ పోయి కింద స్టీలు నునుపుగా ఉంటే అది నీళ్ళదో డిటర్జెంటుదో మరక, సామాను బాగానే ఉంది. రుద్దాక కింద చిన్న గుంట కనపడితే అది తుప్పు. గుంట పడిన దాన్ని సెట్టులోంచి తీసేయాలి, పక్కన ఉన్న మంచి వాటికీ అంటుకుంటుంది. కీలు బిగుసుకుంటే కొబ్బరినూనె, మెషీన్ ఆయిల్ వేయకూడదు. నూనె పొర లోపలికి ఆవిరి వెళ్ళదు. నీళ్ళలో కలిసే లూబ్రికెంట్, పాలలా ఉంటుంది, దానిలో ముంచి తీసి ఆరబెడితే చాలు.

ఆటోక్లేవ్‌లోకి వెళ్ళే ప్రతి ఆర్టరీ తెరిచే ఉండాలి. లాక్ చేసి పెడితే కీలులోకి ఆవిరి చేరదు, పైగా వేడికి లోహం వ్యాకోచించి బాక్స్ లాక్ పగులుతుంది. సామాను పెట్టే స్టీలు డ్రమ్ము పక్క రంధ్రాలు లోపల పెట్టేటప్పుడు తెరవాలి, బయటికి తీయగానే మూయాలి. ఇది చదివేవాళ్ళందరికీ తెలిసిందే, అయినా ఎన్ని చోట్ల మూసిన డ్రమ్ములు ఆటోక్లేవ్‌లోకి వెళ్తాయో నేను చూశాను. మూట మీద అంటించే టేపు గీతలు నల్లబడ్డాయి కదా అంటారు. వేడి తగిలిందని టేపు చెబుతుంది, మూట మధ్యలో సూక్ష్మజీవి చచ్చిందో లేదో చెప్పదు. మేం వారానికోసారి స్పోర్ పరీక్ష పెడతాం. జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ స్పోర్లు ఉన్న చిన్న గొట్టాన్ని మూట మధ్యలో పెట్టి తీసి, ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. ఊదారంగు అలాగే ఉంటే స్పోర్లు చచ్చినట్టు, పసుపుకి తిరిగితే ఆ ఆటోక్లేవ్ ఆపేయాలి. ఆటోక్లేవ్‌లో పెట్టని ఇంకో గొట్టం కూడా పక్కన పెట్టాలి, అది పసుపు కావాలి. కాకపోతే పరీక్షకే అర్థం లేదు.

సామాను పాడుచేసేది నీళ్ళూ మందులే కాదు. మెట్జెన్‌బామ్‌తో సూచర్ దారం కోసే చెయ్యి, ఆర్టరీతో ఇంజెక్షన్ ఆంప్యూల్ విరిచే చెయ్యి, నీడిల్ హోల్డర్‌తో స్క్రూ తిప్పే చెయ్యి కూడా. సారు కేసులో ఉండగా దారం కోయడానికి చెయ్యి చాపితే నేను స్టిచ్ సిజర్సే అందిస్తాను, వేరేది అడిగినా సరే. ఆయన కూడా అలవాటు పడ్డారు. మొద్దుబారిన కత్తెరని వీధిలో సాన పట్టేవాళ్ళకి ఇచ్చేవాళ్ళున్నారు. సానరాయి వేడికి స్టీలు మెత్తబడుతుంది, అంచు కోణం మారిపోతుంది. గుంటూరు షాపు ద్వారా రిపేరుకి పంపి, తిరిగొచ్చాక మళ్ళీ గాజు గుడ్డ పరీక్ష చేసి తీసుకుంటాను. టవల్ క్లిప్పులు పోయేది ఎక్కువగా లాండ్రీ మూటల్లో. షీట్‌తో పాటే వెళ్ళిపోతాయి. షీట్లు తీసేముందు క్లిప్పులు లెక్కపెట్టి ట్రేలో వేయించాక నష్టం తగ్గింది. మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు), సూదులు, పరికరాల లెక్క కడుపు మూయక ముందు ఎలాగూ చెప్పాలి. క్లిప్పుల్ని కూడా అదే గొంతుతో చదివితే సరిపోతుంది.

బిల్లు లేకుండా ఏదీ కొనొద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ డ్రగ్స్ చట్టం పరిధిలోకి వచ్చాయి. అమ్మే షాపుకి రిజిస్ట్రేషన్ ఉండాలి, తయారీదారు పేరు, బ్యాచ్ నంబర్ ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సామాను మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ చేతిలో పెడితే గమనించండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆసుపత్రి పొట్టి పేరు, సెట్టు నంబరు లేజర్‌తో వేయించమని అడగండి. రంగు టేపు చుట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ అంచు లేచిందంటే దాని కింద మురికి చేరుతుంది. చెక్కే మెషీన్‌తో కీలు దగ్గర రాయించడం ఇంకా ప్రమాదం, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

కొత్తగా థియేటర్ పెట్టేవాళ్ళు మొత్తం లిస్టు ఒకేసారి కొనకండి. సగం సెట్లతో మొదలుపెట్టి, కొన్నాళ్ళు థియేటర్ గోడకి ఒక కాగితం అంటించండి. సర్జన్ గారు ఏది అడిగితే లేదన్నాం, ఏది ప్రతిసారీ వాడకుండానే కడిగి లోపల పెట్టాం, ఏది కడగడానికి చేతికి లొంగలేదు, ఏ కంపెనీ దాని మీద ముందు మచ్చ పడింది, ఇవన్నీ అక్కడే రాయాలి. రాసేది సిస్టర్ ఒక్కతే కాకుండా కడిగే ఆవిడ చెప్పింది కూడా రాయండి. రెండో ఆర్డర్ ఆ కాగితం ముందు పెట్టుకుని ఇవ్వండి. ఈసారి మా దగ్గర ఆ కాగితంలో మొదట ఉన్నది గొట్టాల లోపల తోమే సన్న బ్రష్షులు, రెండోది ఆరబెట్టడానికి ఒక డ్రైయింగ్ కేబినెట్. సారు కేబినెట్ ధర అడిగారు, గుంటూరు నుంచి కొటేషన్ రావాలి.